ఆగినట్టు కనిపించే చక్రం

ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. ట్యూబులైటును ఒళ్ళో అడ్డంగా పెట్టుకొని ఓదెలు మసి తుడుస్తున్నాడు. గుడ్డ నల్లబడింది. పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగిన ప్రతిసారీ షెడ్డు రేకుల సందుల్లోంచి సన్నటి బొగ్గుపొడి రాలుతుంది. వారం తుడవకపోతే పట్టపగలే షెడ్డులో మునిమాపు పడినట్టుంటుంది.

గనిలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక సెంటినరీ కాలనీ దాటి ఈ చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి వెనుక షెడ్డు. అందులో ఒక సాన మిషన్. చుట్టుపక్కల రైతుల కొడవళ్ళు, గొడ్డళ్ళు అక్కడే పదునెక్కుతాయి. తాను బిగించిన బోల్టు ఊడిందేమోనని ఓదెలు ఏనాడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఆ ధీమా అతని నడకలోనే తెలిసేది.

తుడిచిన ట్యూబును హోల్డర్లలోకి ఎక్కించి తిప్పాడు. ఎడమ భుజం సలిపింది. పొద్దుటి నుంచి చేతులు పైకెత్తి పనిచేస్తున్నాను గదా అనుకున్నాడు. ఇది రెండో ట్యూబు పట్టీ. మిషన్‌కు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి. ఒక్కటే ఉంటే తన చేతి నీడ తన పనిమీదే పడుతుంది. కొత్తరకం ఎల్‌ఈడీ తీసుకోమని గోదావరిఖని దుకాణదారు ఎంతో చెప్పాడు. వద్దన్నాడు. ట్యూబు వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు సమానంగా పరుచుకుంటుంది, ఇనుము మీద పడి కళ్ళలో గుచ్చదు. కాని వీటికి బరువైన పాతరకం రాగి చోకు వద్దని ఎలక్ట్రానిక్ చోకు పెట్టించుకున్నాడు. స్విచ్చి వేశాడు. మినుకు మినుకు లేకుండా రెండూ ఒక్కసారే వెలిగాయి.

మధ్యలో వేలాడుతున్న, రాగి చోకున్న పాత పట్టీని మాత్రం తీయలేదు. దానితో ఇవాళ పని ఉంది.

పోయిన వరికోతల ముందు ఆ ఒంటి ట్యూబు కిందే బామ్మర్ది వీరేందర్ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. మిషన్ ఆపి, చక్రం ఆగిందనుకొని చెయ్యి పెట్టాడు. తాగి ఉన్నాడని కాలనీ అంతా అన్నది. ఓదెలు భార్య కనకవ్వ కూడా, సొంత అక్కయి ఉండీ, అదే మాట అన్నది. వీరేందర్ మొదట కాదన్నాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. ఈమధ్య అతని మొహంలో, తాగే ఉంటానేమో అన్న అనుమానం ఓదెలుకు కనబడసాగింది. వేళ్ళు పోవడం కంటే అది ఓదెలును ఎక్కువ బాధించింది. మనిషి తన కళ్ళను తాను నమ్మకపోతే ఇంక దేనిని పట్టుకొని నిలబడతాడు?

డ్యూటీ దిగి వీరేందర్ నేరుగా వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఏంది బావ, పెండ్లి పందిరి లెక్క వెలిగిస్తివి."

"పెండ్లికొడుకువు నువ్వే. లోపలికి రా."

తలుపు పక్క చెక్కకు మూడు మేకులున్నాయి. మిషన్ దగ్గరికొచ్చేవాళ్ళు తమ పేరున్న రేకుబిళ్ళ అక్కడ తగిలించాలి, బయటికి పోతూ తీసుకోవాలి. గనిలో దీపాల గది పద్ధతి అది. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా గని కిందే ఉన్నట్టు. ఓదెలు బిళ్ళ మొదటి మేకుకుంది. వీరేందర్ బిళ్ళ ఇన్నాళ్ళూ డబ్బాలోనే పడి ఉంది. ఓదెలు దాన్ని తీసి చేతిలో పెట్టాడు. వీరేందర్ కాసేపు చూసి తగిలించాడు.

ఓదెలు కొత్త ట్యూబులు ఆపి పాతది వేశాడు. సాన చక్రం మీద సుద్దతో ఒక గీత గీసి మిషన్ వేశాడు. కలిసిపోయి కనబడకుండా పోవలసిన గీత రెండయి మెల్లగా వెనక్కి పాకింది. స్విచ్చి కట్టేశాడు. చక్రం నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ వచ్చి ఒకచోట గీత కదలకుండా నిలబడింది.

"ఆగిందా?"

"ఆగింది గద."

ఓదెలు వేపపుల్ల తాకించాడు. పుల్ల ఎగిరిపోయి రేకుకు టక్కున తగిలింది.

వీరేందర్ వంగి ఆ పుల్లను ఏరుకున్నాడు. ఓదెలు పాతది ఆపి కొత్తవి వేసి మళ్ళీ తిప్పాడు. ఈసారి గీత ఎక్కడా నిలబడలేదు. చక్రం నిజంగా ఆగినప్పుడే ఆగినట్టు కనిపించింది.

"అయితే నేను తాగలేదన్నట్టేనా, బావ?" అన్నాడు వీరేందర్, ఎవరి గురించో అడుగుతున్నట్టు.

"నువ్వు తాగలే. నీ కండ్లు సూసింది నువ్వు నమ్మినవ్, గంతే. ఆ పాత ట్యూబు కంటికి తెల్వకుండ ఆరుకుంట వెలుగుకుంట ఉంటది. దీపం అబద్ధమాడితె మనిషేం జేస్తడు?"

గొడ్డలి ఒకటి తీసి అతని చేతికిచ్చాడు. వీరేందర్ ఎడమచేత్తో కర్ర పట్టుకొని, కుడిచేతి మిగిలిన వేళ్ళతో అంచును మెల్లగా ఆనించాడు. నిప్పురవ్వలు సన్నగా, నిదానంగా రాలాయి. అది చూసి ఓదెలు బయటికి నడిచాడు. భుజం నొప్పి మెడదాకా పాకింది. జీవితంలో మొదటిసారి, బిళ్ళ తీసుకోవడం మరిచాడు.

వంటింటి కిటికీ దగ్గర ఆగి కనకవ్వతో చెప్పాడు: "మీ తమ్మునికి చాయ్ పెట్టు. ఆ దినం వాడు తాగలే. ఆ పాత దీపం కింద చక్రం తిప్పి సూసిన."

ఆమె గిన్నె కడిగి పొయ్యిమీద పెట్టింది. ఓదెలు ఇంటి ముందుకెళ్ళి, గోడకు ఆనుకొని ఉన్న బండ మీద కూర్చున్నాడు.

కనకవ్వ మూడు గ్లాసులతో షెడ్డులోకి వచ్చింది. తమ్ముడి గ్లాసును కుడిచేతికి కాక ఎడమచేతికి అందించింది. క్షమాపణ అడగడం ఆమెకు రాదు. కొంగుతో అతని మొహం మీది ఇనుపరజను తుడిచింది. మీ బావ ఏడని అడిగితే వీరేందర్ చెక్కవైపు చూశాడు.

"బిళ్ళ ఈడ్నే ఉన్నదక్కా. వస్తడు."

ఇద్దరూ ఆ మాట నమ్మారు. మూడో గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. వీరేందర్ గొడ్డలి పూర్తిచేసి, దాని పదును బావకు చూపించాలని ఇంటి ముందుకు వెళ్ళాడు. ఓదెలు గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకొని, పని ముగిసిన మనిషిలా కూర్చొని ఉన్నాడు. ఒళ్ళు చల్లబడింది.

దినాలయ్యాక కూడా వీరేందర్ సెలవు దొరికినప్పుడల్లా వస్తాడు. ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో ట్యూబులు తుడుస్తాడు. తన బిళ్ళ తగిలిస్తాడు, పోతూ తీసుకుంటాడు. మొదటి మేకు జోలికి అతను గాని, కనకవ్వ గాని పోరు. బ్లాస్టింగుకు రేకులు అదిరినప్పుడు అక్కడ ఓదెలు బిళ్ళ కొంచెం ఊగి, రెండు ట్యూబుల వెలుగులో మళ్ళీ నిలబడుతుంది.