నోరు కుట్టెయ్యమన్న డాక్టరు

మూడేళ్ళుగా ఆ మనిషి మీద ఆమె పళ్ళు నూరుతూనే ఉంది. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆయన అక్కడే పెద్ద డాక్టరు. అప్పట్లో తిండి తగ్గించినా ఒళ్ళూ, బీపీ తగ్గడం లేదని ఆమె అక్క వెళ్తే, "అబద్ధాలాడకమ్మా. ఆ నోరు కుట్టేసుకో, బీపీ అదే దిగుతుంది" అని వైద్య విద్యార్థులందరి ముందూ నవ్వాడు. కడుపు మాడ్చుకుంటున్న అక్కకు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు, మాత్రలూ మానేసింది. ఏడాది తిరక్కుండానే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

అలాంటి మహానుభావుడు ఒకరోజు గుట్టుగా ల్యాబుకొచ్చాడు. ఈ మూడేళ్ళలో ఆయనా బాగానే ఒళ్ళు చేశాడు లెండి. రెండు రకాల మాత్రలు మింగినా బీపీ లొంగడం లేదట. పేరు రాయొద్దు, నంబరు చాలన్నాడు. తూకం యంత్రం ఎక్కి, బరువు చూసుకునే ధైర్యం లేక పైకప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె బుద్ధిగా రక్తం తీసి, సీసా మీద నాలుగు వందల పదిహేడు అని నంబరు వేసింది. లోపల మాత్రం ఎగిరి గంతేసింది.

శనివారం శనివారం ఈయన విద్యార్థులను కూర్చోబెట్టుకుని అంతుపట్టని కేసుల మీద చర్చ పెడతాడు. రోగుల పేర్లు చెప్పరు. రిపోర్టు చదవడం ల్యాబు వాళ్ళ పని. బరువు వినగానే జోకు వెయ్యకపోతే ఈయనకు తోచదు, ఆ తర్వాతిది చెవికెక్కదు. ఆమెకు కావలసిందీ అదే.

"బరువు నూట ఇరవై ఒక్క కిలోలు," అని ఆ శనివారం రిపోర్టు మొదలుపెట్టింది.

"ఇంకేం చదువుతావులే! తిండిపోతు. పైగా ఏమీ తిననంటాడు, చూస్కోండి. నోరు కుట్టెయ్యండి!"

గది గొల్లుమంది. నవ్వులు తగ్గేదాకా ఆమె ఓపిగ్గా ఆగింది.

"లెప్టిన్ చాలా ఎక్కువుంది సార్. కొవ్వు ఊరికే పడి ఉండే మూట కాదు. ఇక చాలు, తినొద్దని ఈ హార్మోనుతో మెదడుకు కబురంపుతుంది. ఒళ్ళు పెరిగిన చాలామందిలో ఆకలి విషయంలో ఆ కబురును మెదడు వినిపించుకోదు. అదే కబురు నరాలను రెచ్చగొట్టడం మాత్రం మానదు. కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచుతాయి, బీపీ ఎక్కుతుంది. అంతా నోటి తప్పే అంటే ఎలా సార్? కేసు నంబరు నాలుగు వందల పదిహేడు."

డాక్టరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎందుకో విద్యార్థులకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం ల్యాబుకొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"నిజంగా నేను ఎక్కువ తిననమ్మా. నువ్వైనా నమ్ము. ఆ నంబరు నాదని మాత్రం ఎవరికీ చెప్పకు."

"నమ్ముతున్నాను సార్. మా అక్కను కూడా మీరిలాగే నమ్మి ఉంటే, ఈపాటికి తన తల తనే దువ్వుకునేది."

ఆయన తల దించుకున్నాడు. ఆమెకు జాలి కలగలేదు, కలగాలని కోరుకోనూ లేదు.

"నేను చెప్పను. వచ్చే శనివారం అక్కను తీసుకొస్తాను. ఆ రక్తం ఎవరిదో తన ముందు, విద్యార్థులందరి ముందు మీరే చెప్పండి."

"నా పరువేం కావాలమ్మా?"

"మా అక్కదేమైందో అదే అవుతుంది," అని తలుపు బార్లా తీసి, తర్వాతి రోగిని లోపలికి పిలిచింది.