చెంగల్రాయుడి కూత

రెండో ప్రపంచయుద్ధం ముగిసినా నూలు దొరకలేదు. నగరి నేతవీధిలో మగ్గాలన్నీ పడుకున్నాయి. పని లేని కుర్రాళ్లం మధ్యాహ్నం తిరగగానే సడుగుడు ఆటకు, అదే కబడ్డీకి, గీతలు గీసేవాళ్లం. ఇళ్లలో తిట్లకూ కొదవ లేదు, ఆటకూ కొదవ లేదు.

మా జట్టులో చెంగల్రాయుడికి పుట్టుచెవుడు. మాటలూ రావు. పట్టుకోవడంలో మాత్రం వాడిని మించినవాడు లేడు. గుంతమగ్గం తొక్కిన కాళ్లు మరి. అయితే వాడికి కావలసింది పట్టడం కాదు, కూతకు వెళ్లడం. ఒకసారి పంపించాం. మా నోళ్లు చూసి నేర్చుకున్నాడేమో, పెదవులు చకచకా ఆడిస్తూ గీత దాటాడు. శబ్దం మాత్రం లేదు. వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. కూత గొంతులోంచి రావాలని తర్వాత సైగలతో చెప్పాను గానీ, వాడు మళ్లీ ముందుకు రాలేదు. ఎవరు కూతకు వెళ్తున్నా వాడి కాళ్లు మాత్రం కదిలేవి.

పుత్తూరు జట్టుతో పోటీనాడు మావాళ్లు ఒక్కొక్కరే చచ్చి, చివరికి వాడొక్కడే మిగిలాడు. అవతల ఇద్దరు. ఇక కూతకు వెళ్లక తప్పదు.

పుత్తూరు నాయకుడు పెంచలయ్య చేతులు అడ్డం పెట్టాడు. "మాట రానోడు కూత యాడ పెడతాడు సార్? ఆట అయిపోయినట్టే."

ఆట నడిపే డ్రిల్లు మాస్టరు దామోదరం విజిల్ నోట్లోంచి తీశాడు. "ఊపిరి పీల్చలేదని తెలిసేదానికే గదప్పా కూత. ఏ మాటయితే ఏమి? ఒక్క దమ్ములో పలికితే సాలు."

"సడుగుడు అనకుంటే అది సడుగుడెట్లా అవుతాది సార్?"

"యినేదానికి నేనుండానే. నువ్వు పో."

చచ్చి బయట కూర్చున్న నేను లేచి, గొంతు తట్టుకుని చెంగల్రాయుడికి చూపించాను. ఇప్పుడు పట్టుబడితే వాణ్ణి ఇంకెప్పుడూ కూతకు పంపరు. అది వాడికీ తెలుసు.

"ఊ..." అంటూ బయలుదేరాడు. మొద్దు గొంతు. జనం గొల్లుమన్నారు. వాడికి వినపడకపోవడమే మేలని నాకనిపించింది. వంగి పెంచలయ్య మోకాలు తాకాడు. వెనక్కి తిరిగేలోపు పెంచలయ్య వాడి రొమ్ము చుట్టూ చేతులు వేసి పట్టేశాడు. రెండోవాడు కాళ్ల మీద పడ్డాడు. ముగ్గురూ మట్టిలో దొర్లారు. ఆ గోలలో కూత నాకు వినపడలేదు, మాస్టరుకూ వినపడలేదు. విజిల్ ఊదాడు.

"కూత తెగింది. అవుట్!"

మాలో ఇంకెవడైనా అయితే ఆ విజిల్‌కు ఆగిపోయేవాడు. వాడికి విజిల్ ఎక్కడిది? ఇద్దరినీ ఈడ్చుకుంటూ పాకి, వేళ్లు గీత మీద పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అవుట్ అన్నాక గీత ముట్టి ఏం లాభం?

పెంచలయ్య పట్టు వదలకుండానే తల ఎత్తాడు. "తెగలా సార్."

"ఏందప్పా?"

"కూత తెగలా. ఇంగా పలకతానే ఉండాడు. నా సేతులకు తెలస్తా ఉండాది."

మాస్టరు జనాన్ని గదమాయించాడు. గోల అణిగింది. అప్పుడు అందరికీ వినిపించింది. సన్నగా, ఆగకుండా, అదే ఊ.

మాస్టరు చెయ్యి మావైపు చూపించాడు. మేం ఎగిరి గంతులేశాం. చెంగల్రాయుడు మాత్రం గీతను వదలకుండా పలుకుతూనే ఉన్నాడు. ముఖం కమిలిపోయింది. పెంచలయ్య ఆ ముఖాన్ని తనవైపు తిప్పుకున్నాడు. తనను చూపించి, రెండోవాణ్ణి చూపించి, కళ్లు మూసి తల వాల్చాడు, ఇద్దరం చచ్చినాం అన్నట్టు. అప్పుడు గానీ చెంగల్రాయుడు ఊపిరి తీసుకోలేదు.