సంఘం కుట్టిన కోటు

విద్య పంచితే పెరుగుతుందని పెద్దలన్నారు. కాదనడానికి నేనెంతవాణ్ణి? కానీ ఏళ్ల తరబడి నాకొక సందేహం ఉండిపోయింది: ఆ మాట అన్న పెద్దల్లో దర్జీ ఒక్కడైనా ఉన్నాడా?

మా దర్జీల సంఘానికి నేను కార్యదర్శిని. బట్టల కొట్టు పైన ఒక గది, అందులో అందరికీ కలిపి ఒక కాజాల మిషను. నాలాంటి చిన్న కొట్లవాళ్లకి సొంతంగా అది కొనే తాహతు లేదు. అందుకని కాజాలకి అందరూ వస్తారు. సమావేశానికి ఎవరూ రారు. వచ్చినవాళ్లు నోరు విప్పరు. పని మెలకువ చెబితే రేపు తన బేరం పక్కవాడి గుమ్మం ఎక్కుతుందని ప్రతివాడికీ భయం.

నేను పడని పాట్లు లేవు. ఫోనులో గ్రూపు పెడితే పొద్దున్నే పువ్వుల బొమ్మలు తప్ప ఏమీ రాలేదు. "మీకు తెలిసిన మెలకువ ఒకటి రాసి ఇందులో వెయ్యండి" అని గది మూల ఒక పెట్టె పెట్టాను. కొన్నాళ్లకి తెరిచి చూస్తే ఒక విరిగిన బొత్తాం, ఫ్యాను బాగుచేయించమని ఒక చీటీ, "సూది వేలికి గుచ్చుకోకుండా కుట్టవలెను" అని సంతకం లేని ఇంకో చీటీ.

ఇలా ఉండగా అధ్యక్షుడు మా కొట్టుకొచ్చాడు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. మాట కూడా ఒకే కొలతలో కత్తిరించినట్టుంటుంది.

"వరసగా రెండు సమావేశాలకి సగం మంది కూడా రాలేదు. ఈ ఆదివారం కూడా అంతే అయితే నియమం ప్రకారం సంఘం రద్దు. గది ఖాళీ చెయ్యాలి. మిషను అమ్మెయ్యాలి."

"టీ, బిస్కెట్లు పెడదామా?"

"పోయినసారి పెట్టాం. మనిద్దరమే తిన్నాం."

ఆ సాయంత్రం దీపం పెట్టి, "స్వామీ, మా వాళ్ల చేతిలో అంత పని పెట్టావు, నోట్లో ఒక్క మాట పెట్టలేకపోయావా?" అని అడిగాను. స్వామి పలకలేదు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆవిడ పలికింది. ఆవిడ బస్సు కండక్టరు.

"మీ వాళ్లకా నోరు లేనిది? మొన్న నా బస్సులో మీ బాబాయి, ముందు సీటాయన కోటుకి ఎన్ని వంకలు పెట్టాడో! వాళ్లని నేర్పమంటే రారండీ. మీరు తప్పు చేస్తున్నారని తెలిస్తే పరిగెత్తుకొస్తారు. అందరి ముందూ ఒక కోటు కత్తిరించండి."

"కావాలని తప్పు చేస్తే మోసం కాదూ?"

"కావాలని ఎందుకు? మీకు కోటు చెయ్యి పెట్టడం రాదుగా. నిజాయితీగానే చెయ్యండి. ఎలాగూ పెళ్లైన దగ్గర్నుంచీ నాకో కోటు బాకీ ఉన్నారు."

నిజమే. రెండుసార్లు కుట్టాను. ఆవిడ బస్సులో పైకమ్మీ పట్టుకోగానే కోటంతా నాటకంలో తెరలా పైకి లేచేది. చెయ్యి ఆడటంలేదేమోనని కోటు చంక ఇంకా కిందికి దించి వదులు చేశాను. తెర ఇంకా పైకి లేచింది.

కోటు లేవకుండా చంక తీసే కిటుకు మా బాబాయికి తెలుసు. మా నాన్న తమ్ముడే. ఊళ్లో అందరికీ కత్తెర బాబాయి. చంక గీసేటప్పుడు మాత్రం సొంత మనుషులకి కూడా కనబడకుండా గోడవైపు తిరుగుతాడు.

"ఆదివారం కార్యదర్శి అందరి ఎదుట కోటు కత్తిరించును" అని నోటీసు అంటించాను.

ఆదివారం కుర్చీలు చాలలేదు. బల్ల మీద బట్ట పరిచి, దేవుణ్ణి తలుచుకుని, సుద్ద పట్టుకున్నాను.

"సుద్ద పట్టుకున్నాడా, చీపురు పట్టుకున్నాడా?" అన్నారెవరో. గది నిండా నవ్వు. బాబాయి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అధ్యక్షుడు వేలితో తలలు లెక్కపెడుతున్నాడు.

"చెయ్యి బాగా ఆడాలి కదా, చంక ఇంకాస్త దించుతున్నాను," అన్నాను. అప్పటికి నేను నమ్మినదే చెప్పాను.

"ఒరేయ్, ఆగు!" బాబాయి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "చంకట్రా అది? మీ ఆవిడ బస్సు పట్టేట్టుంది!" సుద్ద లాక్కుని, నా గీతని అరచేత్తో తుడిచేశాడు. "చంక కిందికి దిగితే చేత్తోపాటు కోటంతా లేస్తుంది. ఎత్తుగా, ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి తన మానాన తాను ఆడుతుంది. ఇదిగో, ఇలా..."

సగం గీశాక ఏం చేస్తున్నాడో ఆయనకి తెలిసొచ్చింది. అలవాటుగా గోడవైపు తిరిగాడు. అటుపక్కా జనమే.

"గియ్యి బాబాయ్," అన్నాను.

ఒక్క క్షణం చూసి, "ఎటూ గుట్టు బయటపడింది," అని మిగతాదీ గీశాడు.

"ముందువైపు ఇంకాస్త లోపలికి తియ్యాలి," అంది ఒకావిడ.

"నీకేం తెలుసమ్మా?" అన్నాడు బాబాయి.

"నలభై కోట్లు కుట్టాను, ఒక్కటీ తిరిగి రాలేదు!"

అంతే, గట్టు తెగింది. తడిగుడ్డ ఇస్త్రీ ఎక్కడ పెట్టాలో ఒకడు, అస్తరు ఎంత వదలాలో ఇంకొకడు. ఏళ్లుగా దాచుకున్నవన్నీ ఎదుటివాణ్ణి తప్పని నిరూపించడానికి బయటపెట్టేశారు.

"సగం దాటాం! సంఘం నిలబడింది!" అని అధ్యక్షుడు అరిచాడు.

"నువ్వుండవయ్యా, ముందు అస్తరు సంగతి తేలనీ," అన్నారు.

చివరికి ఒకే ఒక్క తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది: వచ్చే సమావేశంలో కాలరు కూడా కార్యదర్శే కత్తిరించాలి.

పంచమంటే పిడికిలి బిగించినవాళ్లు దిద్దమంటే దోసిళ్లతో పోశారు. దీన్ని దానమనాలో, గర్వమనాలో నాకు తెలియలేదు. స్వామిని అడుగుదామనుకుని, ఆయన మళ్లీ మా ఆవిడచేతే చెప్పిస్తాడని ఊరుకున్నాను.

కోటు పూర్తయిన రోజు బాబాయి తనే వచ్చి భుజాలు సర్దిచూశాడు. మా ఆవిడ ఒక చేత్తో గుమ్మం పైకమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి టికెట్టుకన్నట్టు చాచింది. కోటు అంచు ఉన్నచోటే ఉంది. ఇంకోసారి ఎత్తి చూసుకుంది.

"బాకీ చెల్లు," అంది.