తమ్ముడి రాయి మీద పైవరస

...కొట్టడానికి వచ్చినవాళ్లా నీ సాక్షులు, అన్నయ్యా? తమ్ముడు పోయినా వాడి ఈ ప్రశ్న పోలేదు. సుత్తి దించితే ఆగుతుంది, ఎత్తగానే మొదలవుతుంది.

ఇద్దరం సమాధిరాళ్లు చెక్కేవాళ్లం, ఒకే బల్లకు అటొకరు ఇటొకరు. చేతులు రాయి మీద, వాదన యేసు మీద.

"తండ్రీ తనూ ఒకటేనన్నాడు. దేవుడితో సమానమంటున్నాడనేగా విన్నవాళ్లు ఆయన్ని కొట్టడానికి రాళ్లెత్తింది?" అనేవాణ్ణి.

"వాళ్లకలా అర్థమైంది. అపార్థం చేసుకోవడంలో వాళ్లేమైనా మన పెద్దమ్మకంటే తక్కువ తిన్నారా? తండ్రి తనకంటే గొప్పవాడని కూడా అన్నాడు. ఆ మాట రాగానే నీకు చెవుడొస్తుందేం?"

"అది మనిషిగా ఉన్నప్పటి మాటరా."

"అబ్బో! నీ చెవిలో చెప్పాడా?"

ఇప్పుడు బల్ల మీద ఉన్నది వాడి రాయి. మా దగ్గర చెక్కే ప్రతి రాయికీ పైవరస ఒక్కటే: 'మన దేవుడైన యేసునందు నిద్రించెను.' నాన్న పెట్టిన వాడుక. సుద్దతో రాసుకున్నాను గానీ ఉలి ఆనించలేకపోయాను.

పొద్దున మరదలు వచ్చి చూసింది. "ఆయన ఒప్పుకోని మాట ఆయన నెత్తినే పెడతారా బావగారూ? బతికుండగా గెలవలేదనా?"

ఆ మాట తీసేస్తే నా దేవుణ్ణి నా చేతులతోనే కాదన్నట్టు కదా! ఆమె వెళ్లాక పంతంగా సుత్తి ఎత్తాను.

సిలువ మీద 'నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు' అని ఎవరిని పిలిచాడు, అన్నయ్యా?

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో వాడు ఈ మాట ఎన్నడూ ఎత్తలేదు. గొంతు వాడిదే, ఆ సాగదీత వాడిదే. మరి ప్రశ్న ఎవరిది?

చివరి రోజు మంచం మీంచి నా వేలు పట్టుకుని, "నన్ను వదిలేస్తున్నావా అన్నయ్యా" అన్నాడు. ఈ ప్రశ్న అప్పుడే నాలో పుట్టి ఉంటుంది. వాడు వెంటాడుతున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. వాడు నిశ్చింతగా పడుకున్నాడు. ఇక్కడ అడిగేదీ నేనే, వణికేదీ నేనే.

నమ్ముతున్నాను, ఇప్పటికీ. ఆ నమ్మకంలో పడిన బీటను వాడి రాయి చెక్కి పూడ్చుకోవాలని చూశాను.

బకెట్లో గుడ్డ ముంచి పిండాను. 'యేసు' దగ్గర ఆగి, దానికి ముందున్న రెండు మాటలూ మెల్లగా తుడిచాను.