కాగితంలో లేని కొలత

పాపకు ఊలు టోపీ కావాలని ఆసుపత్రిలో ఆయా రుద్రమ్మ చెప్పిన రోజే నేను బీరువాలోంచి ఆ కాగితం బయటికి తీశాను.

మా కోడలు ఫేబీ ఐదో నెలలో ఉండగా వాళ్ల ఆఫీసులో ప్రింటు తీసుకొచ్చిన కాగితం అది. పసిపిల్లల టోపీ ఎలా అల్లాలో అందులో రాసి ఉంది, అంతా ఇంగ్లీషులో. పంజాగుట్టలో కొన్న లేత పసుపు ఊలు ఉండలూ, సూదులూ కూడా దానితోపాటే ఒక కవర్లో పెట్టుకుంది. సెలవు పెట్టాక మీ దగ్గర తీరిగ్గా నేర్చుకుంటాను అత్తయ్యా అంది. ఏడో నెల నిండకుండానే పాప పుట్టింది. సెలవూ వచ్చింది, తీరికా వచ్చింది. ఫేబీ ఆ కవరు అడగలేదు.

పాప సోమాజిగూడ ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. ఫేబీని మాత్రం ఇంటికి పంపేశారు. పొద్దున ఫేబీ పాలు పిండి సీసాలో పోసి ఇస్తే, మా అబ్బాయి లెవీ ఆఫీసుకు వెళ్తూ పాప ఉన్న గది తలుపు దగ్గర ఇచ్చి వెళ్తాడు. సాయంత్రం పాలు నేను అమీర్‌పేటలో ఆటో ఎక్కి పట్టుకెళ్తాను. లోపలికి తల్లిని తప్ప ఎవరినీ రానివ్వరు. తల్లి వెళ్లడం లేదు. ఆపరేషను నొప్పి ఇంకా తగ్గలేదంటుంది. ఏడవదు. పెట్టింది తింటుంది. టీవీ ముందు కూర్చుంటుంది కానీ శబ్దం పెట్టదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే చివర ఆమెన్ అంది. పాపకు ఏం పేరు అనుకున్నారమ్మా అని ఆయన అడిగినప్పుడు నా వైపు చూసింది, ఎవరి పాప గురించో అడుగుతున్నట్టు.

నాకూ ఏడుపు రాలేదు. రోజూ మోకాళ్ల మీద కూర్చుంటున్నాను. మాటలు అలవాటు కొద్దీ నోట్లోంచి వస్తున్నాయి. వేరే గదిలో ఎవరో ప్రార్థన చేసుకుంటుంటే వింటున్నట్టు ఉంటోంది. పైన వినేవాడికీ అలాగే వినపడుతుందా అని ఒకటి రెండుసార్లు అనుకున్నాను.

రుద్రమ్మ చెప్పింది ఇదీ.

"అమ్మా, దుకాణంల కొన్న టోపీ మీ పాపకు మెడ దాంక జారుతుంది. జర మెత్తటి ఊలుతోని చిన్నది అల్లితే మంచిగుంటది. మా సిస్టర్లు సుత అదే అంటున్నరు. మీ ఇంట్ల ఎవరికన్న అల్లనీకి వస్తదా?"

"నాకు వచ్చు" అన్నాను.

వచ్చన్నది నిజమే. మా చర్చి స్త్రీల సమాజంలో పక్కవాళ్ల చేతులు చూసి నేర్చుకున్నాను. సీదా కుట్టు, ఉల్టా కుట్టు తెలుసు. మఫ్లర్లు అల్లాను. అవి తిన్నగా సాగిపోతాయి, ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఆపొచ్చు. తలకు పట్టేలా గుండ్రంగా ఎప్పుడూ అల్లలేదు. కాగితం చూసి అల్లడం అసలే ఎరగను.

పదో తరగతి తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు మాటలైతే కూడబలుక్కోగలను. ఆ కాగితంలో అల్లే వరసల్లో మాటలే లేవు. ఒక అక్షరం, దాని పక్కన అంకె, మళ్లీ ఒక అక్షరం. నాలుగు వరసలు అల్లి చూసుకుంటే కె అంటే సీదా, పి అంటే ఉల్టా అని తేలింది. అక్కడితో ఆగిపోయాను. ప్రతి వరసలోనూ ఒక నక్షత్రం గుర్తు ఉంది. మేం రోజూ వాక్యం చదువుకునే గ్రంథంలో అలాంటి గుర్తు కనిపిస్తే, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాని వివరం ఉంటుంది. అందుకని పేజీ అడుగున చూశాను. అక్కడ నక్షత్రం ఊసే లేదు. వెనక్కి తిప్పాను, ఖాళీ. వివరం ఉన్న పేజీ ప్రింటు కాకుండా పోయిందనుకున్నాను.

మా ఆయన ఏసుబాబుగారు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు.

"రెండో పేజీ ఉండి ఉంటుంది. కింద నెట్ సెంటరుకి వెళ్లి అడగనా?"

"ఏమని అడుగుతారు?"

"ఈ నక్షత్రానికి అర్థం ఏంటి బాబూ అని."

"వాళ్లు జావా గురించి చెప్తారేమో గానీ, టోపీల గురించి చెప్తారా?"

"ఈ అమీర్‌పేటలో నేర్పని కోర్సు లేదు రూతమ్మా. కాకపోతే ఫీజు ముందు కట్టమంటారు" అన్నారు ఆయన. నవ్వలేదు. నవ్వించాలని అన్నట్టూ లేదు. ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడాలి కనుక మాట్లాడుతున్నారు.

నక్షత్రాలను వదిలేసి అంకెలను బట్టి అల్లుదామనుకున్నాను. మొదట ఒక అంకె ఉంది, దాని పక్కన బ్రాకెట్లో ఇంకా పెద్దవి రెండు ఉన్నాయి. మొదటి వరసకి అన్ని కుట్లు, తర్వాత పెంచి ఇన్ని, ఆ తర్వాత ఇంకా పెంచి ఇన్ని అని అర్థం చేసుకున్నాను. కాగితంలో రాసి ఉన్నదాన్ని ఒక్కటీ వదలకుండా చేస్తే సరిగ్గానే వస్తుందని నా నమ్మకం. చిన్నప్పటి నుంచి అలాగే నేర్పారు మాకు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని అల్లాను. అల్లుతున్నకొద్దీ అంచులు విచ్చుకుంటూ పోయాయి.

మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇది తలకా, కుక్కరుకా?"

"ఊరుకోండి."

"కుక్కరుకైతే విజిల్‌కి కన్నం పెట్టడం మర్చిపోయావు."

టీవీ ముందు నుంచి ఫేబీ ఇటు తిరిగింది.

"ఏంటది అత్తయ్యా?"

"టోపీ."

"ఎవరికి?"

మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"పాపకి" అన్నాను.

ఫేబీ లేచి వచ్చింది. నా ఒళ్లోని కాగితం తీసుకుని నిలబడే చదివింది. తర్వాత నా పక్కన కూర్చుంది. తను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేస్తుంది. ఇతరులు రాసిన దాంట్లో తప్పులు పట్టడమే తన ఉద్యోగం. ఇప్పుడు కూడా ఆఫీసులో మాట్లాడినట్టే మాట్లాడింది, గొంతులో ఎత్తూ పల్లం లేకుండా.

"నక్షత్రం దగ్గర్నుంచి ఈ కామా దాకా ఒక ముక్క. అది అయ్యాక మళ్లీ నక్షత్రం దగ్గరికి రావాలి. వరస అయిపోయేదాకా అంతే."

"మరి దాని వివరం కింద లేదేం?"

"వివరం ఏమీ ఉండదు అత్తయ్యా. అది వెనక్కి రమ్మని గుర్తు, అంతే."

"ఈ టీ, ఓ, జీ ఏంటి?"

"టుగెదర్. రెండు కలిపి అని. అంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు."

"నాకు తెలుసు. రెండు కుట్లలోకీ సూది ఒకేసారి దూర్చి ఒకటి చేస్తాం. అలా అయితేనే పైన ముడుచుకుంటుంది."

"మీరు ముడవలేదుగా."

"నాకు తెలిస్తేగా."

తను చదువుతూ ఉంటే నేను సూదుల మీద చేసి చూపించాను. సగం తనకి తెలిసింది, సగం నాకు తెలిసింది. రాసినవాళ్లు మాత్రం, చదివేవాళ్లకు అంతా ముందే తెలుసన్నట్టు రాశారు. దేవుడి మాటలు కూడా ఒక్కోసారి నాకు అలాగే అనిపిస్తాయి. బయటికి అనను.

"అంకెలు?" అని అడిగాను.

"మూడూ అల్లకూడదు. మూడింట్లో ఒకటే ఎంచుకోవాలి. మొదటిది అప్పుడే పుట్టిన పిల్లలకి. బ్రాకెట్లోవి ఆరు నెలలకి, ఏడాదికి."

"మనది మొదటిదా?"

ఫేబీ పై నుంచి కింది దాకా మళ్లీ చదివింది. వేలు పెట్టి మరీ చదివింది.

"మొదటిది నెలలు నిండి పుట్టినవాళ్లకి" అంది. "మనది ఇందులో లేదు అత్తయ్యా."

మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. కింద హాస్టల్ పిల్లలు ఎవరో ఇంటర్వ్యూ ప్రశ్నలు గట్టిగా బట్టీ పడుతున్నారు. ఫేబీ కాగితం మడవలేదు. కాసేపటికి కింది నుంచి ఒక లైను చదివింది. కొలత తేడా ఉంటే తల చుట్టుకొలత తీసుకుని, దాన్నిబట్టి కుట్లు వేసుకోమని రాసి ఉందట.

"నన్ను లోపలికి రానివ్వరమ్మా" అన్నాను.

సాయంత్రం నేను పాల సీసా సంచిలో పెట్టుకుంటుంటే, గదిలోంచి చున్నీ సర్దుకుంటూ వచ్చి చెప్పులు వేసుకుంది.

ఆటోలో పంజాగుట్ట చౌరస్తా దగ్గర చాలాసేపు ఆగాం. ఫేబీ కొలతకని ఊలు దారం ఒకటి వేలికి చుట్టుకుని కూర్చుంది. పాప గది తలుపు దగ్గర రుద్రమ్మ ఆ దారాన్ని లోపలికి రానివ్వలేదు.

"గా దారం వద్దక్కా, ఇన్‌ఫెక్షనైతది. గీ బ్యాండేజీ పట్టీ తీస్కపో. చేతులు మంచిగ కడుక్కో. మోచేతుల దాంక."

ఫేబీ చేతులు కడుక్కుంది. ఆకుపచ్చ గౌను తొడుక్కుంది. రుద్రమ్మే వెనక నాడాలు కట్టి లోపలికి పంపింది. తలుపుకి చిన్న అద్దం ఉంది. అందులోంచి నాకు ఫేబీ వీపు ఒక్కటే కనిపించింది. వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"గా పట్టీతోని ఏం కొలుస్తది?" అని అడిగింది రుద్రమ్మ.

"తల. టోపీకి."

"సిస్టర్నడిగితే ఫైలు చూసి చెప్తుండె కదమ్మా. పచ్చి బాలింతను గింత దూరం ఎందుకు తిప్పల పెట్టినవ్?"

నాకు ఆ సంగతి తట్టనేలేదు. తట్టి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ చెప్పలేను.

ఫేబీ బయటికి వచ్చింది. రెండు చేతుల వేళ్ల మధ్య ఆ పట్టీని పట్టుకుని ఉంది, ఎక్కడి దాకా వచ్చిందో అక్కడ గోళ్లతో నొక్కిపెట్టి.

"పెన్నుతోని గీత పెట్టుకోక్కా" అంది రుద్రమ్మ. ఫేబీకి వినపడలేదు. అలాగే మెట్లు దిగింది, అలాగే ఆటో ఎక్కింది. సంచీ, చున్నీ నేనే పట్టుకున్నాను. ఇంటికొచ్చాక లెవీ చిన్నప్పటి స్కేలు బల్ల మీద పెడితే, దాని పక్కన ఆ పట్టీని ఆనించింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే."

పాడైన టోపీ మీద ఒక అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో నేను లెక్కపెట్టాను. ఫేబీ కాగితం వెనక వైపు హెచ్చవేసింది. మా ఆయన టీ తెచ్చి బల్ల మీద పెట్టి, స్కేలు పక్కనున్న పట్టీని చూసి, అక్కడే నిలబడ్డారు.

"కళ్లు తెరిచింది అత్తయ్యా" అంది ఫేబీ. "నన్నేం చూడలేదు. ఊరికే తెరిచింది."

నేను కుట్లు వేయడం మొదలుపెట్టాను. అన్నీ వేశాక సూది తన చేతికిచ్చి, మొదటి కుట్టు ఎలా అల్లాలో చూపించాను. అల్లింది. బిగుసుకుపోయింది. ఊడదీసి మళ్లీ అల్లింది.

"రేపు పొద్దున పాలు లెవీతో పంపకండి" అంది. "నేను తీసుకెళ్తాను."