బుగ్గలో మాత్ర

అమ్మ బుగ్గలో సగం మాత్ర దొరికింది.

సాయంత్రం ఆరు. ముసలివాళ్లను పగలంతా చూసుకునే డేకేర్ సెంటర్ వ్యాను అప్పుడే దించి వెళ్లింది. అమ్మ నోరు కడుగుతుంటే నా వేలికి తగిలింది. నలభై ఏళ్లు మిషను కుట్టిన మనిషి. గుండీలు బుగ్గలో పెట్టుకుని కుట్టేది. మతి పోయింది గానీ ఆ అలవాటు పోలేదు.

మాత్రను లైటు కింద పెట్టి చూశాను. మందుల షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టరు చీటీ లేకుండా మేం ఎవరికీ ఇవ్వని నిద్రమాత్ర అది.

రెండు నెలలుగా అమ్మ నెమ్మదించింది. అంతా సెంటర్ వాళ్ల పుణ్యమేనని నలుగురికీ చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ ముక్కను సెంటర్ ఇన్‌ఛార్జి టేబుల్ మీద పెట్టాను.

"ఇదేంటి మేడం?"

ఆవిడ తడుముకోలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా వైపు తిప్పింది. సేవలు ఎలా ఉన్నాయో ఇంటివాళ్లు నెలనెలా మార్కులు వేసే ఫారం. రాత నాదే. 'ఇంటికొచ్చాక ఎలా ఉంటున్నారు?' అన్నచోట ఒకటి వేసి, కింద రాశాను: 'అరుస్తోంది, కొడుతోంది. మీకు దణ్ణం పెడతాను, ఏదో ఒకటి చెయ్యండి.'

"చేశాం" అంది ఆవిడ. "ఆ తర్వాత రెండు నెలలూ అయిదుకి అయిదు వేశారు. ఎలా నెమ్మదించిందని అప్పుడు అడగలేదే?"

"డాక్టరు రాశారా?" అన్నాను.

"మీకు తెలియనిదేముందమ్మా."

"ఆపెయ్యండి."

"ఆపేస్తాం. ఇక్కడ ఎవర్నైనా కొట్టిందా, మర్నాటి నుంచి వ్యాను మీ గుమ్మం ముందు ఆగదు."

మతి తప్పినవాళ్లను చేర్చుకునే సెంటర్ ఊళ్లో అదొక్కటే.

ఆ సాయంత్రం అమ్మ కళ్లు తేటగా ఉన్నాయి. నన్ను ఎగాదిగా చూసింది. "ఏమే, ఆ భుజం దగ్గర కుట్టేంటి, పిచ్చుక గూడులా? ఎవడే కుట్టింది? వాడి చేతులు విరిచెయ్యాలి. విప్పివ్వు, సరిచేస్తా."

నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను.

రెండోరోజు నన్ను గుర్తుపట్టలేదు. ఇంట్లో దొంగది దూరిందంటూ వీధి చివరిదాకా పరుగెత్తింది. మూడోరోజు కత్తెర చేతికి దొరికింది. నా మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే షాపు యజమాని ఒకటే మాటన్నాడు. "ఈ వారంలో సెలవు పెట్టడం ఇది మూడోసారి తల్లీ. రేపు రాకపోతే ఇంక రావద్దు."

మర్నాడు నేనే అమ్మను సెంటర్‌లో దిగబెట్టాను. ఆ నెల ఫారం అక్కడే నిలబడి నింపాను. అన్నిటికీ అయిదే.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని పరీక్షగా చూసింది. "వంకరగా వేశాడే. నొప్పిగా ఉందా తల్లీ?"

ఫారం అందిస్తూ ఇన్‌ఛార్జితో మెల్లగా అన్నాను.

"బుగ్గలో దాచేస్తుంది మేడం. ఇకనుంచి నూరి, పాలల్లో కలిపి ఇవ్వండి."