చేతులు మార్చుకునే రోజు

ఈ ఏడాది వచ్చిన వీడియో గేముల మీద నాకు బోలెడంత కోపం ఉంది. ఒకదాంట్లో మ్యాపు ఎంత పెద్దదంటే, గుర్రమెక్కి ఆ కొసకు చేరేలోపు ఇంటెడు బట్టలు ఉతికి ఆరేసుకోవచ్చు. దారిలో చేయడానికి మాత్రం ఏమీ ఉండదు. ఇంకొకటి పోయినేడు వచ్చిన ఆటకే రంగులు పూసుకుని కొత్త పెళ్ళికూతురిలా దిగింది. మరొకటి కథ మధ్యలో తలుపు మూసేసి, తెరవాలంటే తాళంచెవి విడిగా కొనుక్కోమంది. అన్నింటినీ మేం ఆటల మీద సమీక్షలు రాసే మా సైటులో ఏకిపారేశాం. మేం అంటే నేనూ, మా తమ్ముడూ.

వాడు ఆడతాడు, నేను రాస్తాను. ప్రింటింగ్ ప్రెస్సు పైనున్న ఒక్క గదే మా ఆఫీసు. కింద మెషీన్ తిరుగుతుంటే పైన నేల సన్నగా అదురుతూ ఉంటుంది. ఎండ స్క్రీన్ మీద పడకుండా కిటికీకి పాత దుప్పటి కట్టాం. స్ప్రింగులు పోయిన సోఫాలో వాడు, పక్కన చెక్క కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేను. "రాసుకో అక్కా" అని మొదలుపెట్టి వాడు గొణుగుతాడు. ఆ గొణుగుడును నేను మనుషులు చదివే మాటలుగా మారుస్తాను. వాడికి రాయడమంటే ఒళ్ళు బద్ధకం. నాకు కంట్రోలర్ ఇస్తే బొమ్మను తీసుకెళ్ళి గోడకు గుద్దిస్తాను. చిన్నప్పుడు ఇంట్లోకి మొదటి ఆటపెట్టె వచ్చినప్పటి నుంచీ ఇదే పంపకం, వాడి చేతులు, నా నోరు.

ఏడాది చివర మాత్రం ఒకరోజు చేతులు మార్చుకుంటాం. వాడు ఏరిపెట్టిన ఆటలు నేను ఆడాలి, వాడు నా కుర్చీలో కూర్చుని రాయాలి. చేయి తిరిగినవాడు ఆడితే ఏ ఆటైనా బాగానే కనిపిస్తుందని, చేతకానివాళ్ళకు కూడా నచ్చితేనే అది ఆ ఏటి మేటి ఆట అని వాడి సిద్ధాంతం. అసలు సంగతేమిటంటే, నేను గోతుల్లో పడుతుంటే చూసి పడీ పడీ నవ్వడానికి వాడు పెట్టుకున్న సరదా అది. పాఠకులకు నచ్చడంతో ఆచారమై కూర్చుంది.

ఈ ఏడాది వాడి గొణుగుడులో ఒక మాట పదే పదే వచ్చింది, బటన్ ఆలస్యంగా పలుకుతోందని. మొదట కత్తియుద్ధం ఆటలో అన్నాడు, తర్వాత కార్ల పందెంలో. కంట్రోలర్ మార్చాం, కేబుల్ మార్చాం, టీవీ సెట్టింగులన్నీ కెలికాం. అయినా తీరు మారకపోయేసరికి, ఈ మధ్య ఎవరూ ఆటను సరిగ్గా పరీక్షించి వదలడం లేదని తేల్చేశాం. నేను దానిమీద పెద్ద వ్యాసమే రాశాను. జనం ఎగబడి చదివారు.

అందరికంటే గట్టి దెబ్బ తిన్నది ఒక పడవ ఆట. ఎవరో భార్యాభర్తలు ఇంట్లో కూర్చుని చేసుకున్న చిన్న ఆట. నదికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషులను దాటించాలి. అల లేచినప్పుడు బటన్ నొక్కితే తెడ్డు పడుతుంది. అదను తప్పితే పడవ గిర్రున తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. పడవ కుదురుగా సాగినంతసేపే ఎక్కినవాళ్ళు తమ కథ చెబుతారు. నీళ్ళ మీద వెలుగు, ఆ సంగీతం నాకు ఎంతో నచ్చాయి. కానీ ఎన్నిసార్లు ఆడినా వాడి చేతిలో పడవ తిరిగిపోయేది, కథలన్నీ సగంలో తెగిపోయేవి. "తెడ్డు చెప్పిన మాట వినదు" అని శీర్షిక పెట్టి పదికి నాలుగు మార్కులు వేశాం. ఆ భార్యాభర్తలు మర్యాదగా జవాబిచ్చారు. ఎన్ని మెషీన్ల మీద చూసినా ఆ ఆలస్యం తమకు కనబడలేదని, మీకు కనబడిందంటే ఎక్కడో ఉండే ఉంటుందని, వెతుకుతామని. తప్పు ఒప్పుకోవడానికి వీళ్ళకు నోరు రాదని తమ్ముడు విసుక్కున్నాడు. నేనూ వాడికి వంత పాడాను.

చేతులు మార్చుకునే రోజు మధ్యాహ్నం వాడు ఆ ఆటే ముందు పెట్టాడు. బాగుండాల్సి ఉండీ చెడిపోయిన ఆటల వరసలో దాన్ని చేర్చాడట. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఇక ముంచమని నాకు సైగ చేశాడు. ముంచడం ఖాయమని నేనూ అనుకున్నాను.

అల లేచింది. బటన్ నొక్కాను, తెడ్డు పడింది. ఇంకో అల, ఇంకోసారి తెడ్డు. నొక్కడానికీ పడటానికీ మధ్య గడ్డిపరక దూరేంత సందు లేదు. పడవలో కూర్చున్న ముసలావిడ కథ మొదలుపెట్టింది. నది అవతల ఉన్న చెల్లెలితో చిన్న విషయానికి మాటలు మానేసిందట. ఇప్పుడు ఆ విషయమేమిటో గుర్తులేదట, చెల్లెలు గుర్తుందట. మేం ఎప్పుడూ ఇంతదూరం వినలేదు. ఒడ్డు వచ్చింది, ఆవిడ దిగి వెళ్ళిపోయింది.

నాకు పట్టరాని సంతోషం వేసింది. అక్కంటే ఏమనుకున్నావని ఎగరబోతూ వాడివైపు తిరిగాను. వాడు నన్ను చూడటం లేదు, టీవీనీ చూడటం లేదు. ల్యాప్‌టాప్ మీద ఆనించిన తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. ఒక్క అక్షరం కూడా రాయలేదు.

వాళ్ళు తప్పు దిద్దుకుని ఉంటారని అన్నాను.

"అప్‌డేట్ వచ్చింది కానీ నేను వెయ్యలేదక్కా" అన్నాడు. "మనం మార్కులేసిన ఆటే మళ్ళీ ఆడాలి కదా. ఇది అదే."

నా చేతిలోంచి కంట్రోలర్ తీసుకుని ఆడటం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ పక్కనే కూర్చున్నా నేను వాడి ఆటనే చూశాను గానీ చేతులు చూడలేదు. ఇప్పుడు చూశాను. అల లేచింది. వాడి బొటనవేలు కదలబోయి ఆగింది, సన్నగా వణికింది, అప్పుడు దిగింది. పడవ గిర్రున తిరిగిపోయింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ తిరిగిపోయింది.

మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఒక ఏడాదంతా ఆయన గడియారాల్లో బిగించే చిట్టి మరలను తిట్టాడు. ఈ మధ్య మరలు సరిగ్గా చేసి చావడం లేదని, పట్టుకారులో నిలవడం లేదని. పట్టుకారు మార్చాడు, బల్ల మీది దీపం మార్చాడు, కళ్ళద్దాలు మార్చాడు. అమ్మ కూడా ఆయనతో కలిసి మరలు చేసేవాళ్ళను తిట్టిపోసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చేతుల వణుకుడు జబ్బు బాగా ముదిరింది. చివర్లో మంచినీళ్ళ గ్లాసు ఆయన నోటిదాకా వెళ్ళేది కాదు, తమ్ముడే తాగించేవాడు.

"నాన్న మరల్లాగే ఉందక్కా" అన్నాడు వాడు.

భయమేస్తే నాకు తిట్లు వస్తాయి, అందుకే తిట్టాను. ఒంట్లో ఏదో తేడాగా ఉంటే చెప్పుకోవడానికి ఏం రోగమని అడిగాను. ఆ మాట నోరు జారాక నాలుక కరుచుకున్నాను. తెలిస్తేనే కదా చెప్పడానికి, బటనే ఆలస్యమనుకున్నానని వాడు నెమ్మదిగా అన్నాడు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళదామంటే సరేనన్నాడు. నాన్నకు ఆలస్యమైనట్టు కానివ్వనని నేనంటే దానికీ తలూపాడు. ముందు మాత్రం ఏడాది వ్యాసం సంగతి తేల్చమన్నాడు. పడవ ఆటనూ, కత్తియుద్ధాన్నీ, కార్లనూ మేం అన్న మాటలు వెనక్కి తీసుకోవాలట, ఎందుకో కూడా రాయాలట.

నేను ఒప్పుకోలేదు. టీవీ పాడైందని రాద్దామన్నాను. చేతులు వణికేవాడి మాట రేపటి నుంచి ఎవరు నమ్ముతారు? ఊహ తెలిసినప్పటి నుంచి వాడికి ఇష్టమైన పని ఇదొక్కటే. దాన్ని నా చేత్తో నేనే ఎలా తీసేయను?

"వాళ్ళు నా మాట నమ్మారక్కా" అన్నాడు. "లేని తప్పు కోసం ఎంత వెతికుంటారో ఆలోచించు."

వాడు అప్‌డేట్ వేశాడు. కింద మెషీన్ ఆగింది, మళ్ళీ మొదలైంది. స్క్రీన్ మీద ఆ భార్యాభర్తలు రాసిన నాలుగు ముక్కలు వచ్చాయి. కొందరికి తెడ్డు ఆలస్యంగా పడుతోందని తెలిసిందట. ఎంత వెతికినా కారణం దొరకలేదట. అందుకని, కావాలనుకున్నవాళ్ళ కోసం అలనే ఆగేలా చేశారట. సెట్టింగుల్లో కొత్త మీట ఒకటి కనిపించింది, "అల ఆగుతుంది" అని.

వాడు దాన్ని ఆన్ చేశాడు.

అల లేచి, లేచినచోటే నిలబడింది. వాడి వేలు ఆగి, వణికి, దిగింది. తెడ్డు పడింది, పడవ ముందుకు కదిలింది. తర్వాతి అల కూడా వాడికోసం ఆగింది. ముసలావిడ తన చెల్లెలి కథ చెబుతూ వచ్చింది. నేను విన్న కథే, కానీ వాడు విననిది. కంట్రోలర్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కళ్ళార్పకుండా చివరిదాకా విన్నాడు. పడవ ఒడ్డుకు ఆనింది.

నేను ల్యాప్‌టాప్ నా ఒళ్ళోకి లాక్కుని, పడవ ఆటకు వేసిన నాలుగు మార్కులు చెరిపేశాను.

"రాసుకో అక్కా" అన్నాడు వాడు, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. "తెడ్డు ఆలస్యం కాలేదు. నా చెయ్యి ఆలస్యమైంది."

కళ్ళు తుడుచుకుని రాశాను. వాడు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా మార్చకుండా రాయడం నాకు అదే మొదటిసారి.